ఐదు వేళ్లూ పడ్డాయి!

కాలి కండరానికి మేం చేసిన గాయం ఎంతవరకు మానిందో చూద్దామని, ల్యాబ్‌లో వెనక పాదాలకు నీలం సిరా రాసి కాగితం మీద వదలగానే, చుంచెలుక చకచకా నడిచి అవతల చీకటి పెట్టెలో దూరింది. పోయినసారి వేళ్లు ఈడ్చిన సిరా చార ఉండేది. ఈరోజు ఐదు వేళ్లూ విడివిడిగా పడ్డాయి. ఎంత సంతోషమేసిందో!

గాయం చేసింది పిక్కకు ఎదురుగా, ముందువైపు ఉండే కండరానికి. పాదాన్ని పైకెత్తేది అదే. నాగుపాము విషంలోని కార్డియోటాక్సిన్ ఎక్కిస్తే కండర తంతువులు చచ్చిపోతాయి. వాటినే అంటుకుని ఉండే శాటిలైట్ కణాలు మాత్రం మేలుకుని కొత్త తంతువులు కడతాయి. 1961లో శాస్త్రవేత్త అలెగ్జాండర్ మారో కప్ప కండరంలో గుర్తించిన కణాలివే.

కొన్ని పంజరాల్లో తాగే నీళ్లలో, ప్రోటీన్లలో ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం కలుపుతున్నాం. ఏ పంజరాల్లో కలిపారో చివరిదాకా నాకు తెలియదు, తెలియకూడదు కూడా. వయసులో ఉన్న చుంచెలుక ఏ సప్లిమెంటూ లేకుండానే మూడు నాలుగు వారాల్లో చాలావరకు కోలుకుంటుంది. తేడా ఉంటే వేగంలోనే కనిపించాలి.

సాయంత్రం అత్త ఫోన్. "మామయ్యకి తుంటి ఆపరేషనైంది కదరా, ప్రోటీన్ డబ్బా కొనమంటావా?"

"డాక్టర్‌గారిని అడుగు అత్తా. ఈలోగా పప్పు, గుడ్డు, పెరుగు తగ్గనివ్వకు. ఫిజియోథెరపీ ఒక్కపూట కూడా మాన్పించకు" అన్నాను.

మామయ్యకు డెబ్బై దాటాయి. వయసు మీదపడితే ఆ శాటిలైట్ కణాలూ మందగిస్తాయి. వచ్చే విడతలో ముసలి చుంచెలుకలతో చేద్దామని గైడ్‌గారిని గట్టిగా అడుగుతాను.