మేనకోడలి దగ్గర నలభై రోజులు

తాడేపల్లిగూడెంలో రైలెక్కేటప్పుడు నా సామానులో సగం పాపదే. ఇంట్లో విసిరిన సున్నిపిండి, అమ్మ పాత నేతచీరలతో కుట్టిన బొంతలు రెండు, మా తమ్ముడికి చిన్నప్పుడు అన్నం తినిపించిన వెండి ఉగ్గుగిన్నె. ఆ గిన్నెకి ఒక పక్క సొట్ట ఉంది. అది వాడు విసిరికొడితే పడిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అమ్మే వెళ్ళాల్సింది. మోకాలి ఆపరేషన్ అయి ప్రయాణం చేసే స్థితిలో లేదు. మరదలు పుట్టింట్లో పురుడు పోసుకుని, ఐదో నెలలో పాపని తీసుకుని బెంగాల్లోని ఖరగ్‌పూర్ వచ్చింది. తమ్ముడికి అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. పొద్దున్నే వెళితే సాయంత్రం దాకా రాడు. ఆ పిల్ల ఒక్కతే ఏం చేసుకుంటుందని అందరికీ టెన్షన్. నేను టీచర్ని. ఏప్రిల్ ఆఖర్లో సెలవులిచ్చారు, జూన్ రెండో వారం దాకా బడి లేదు. ఇక ఆలోచించలేదు.

అప్పటికి నేను పాపని ఎత్తుకున్నది ఒక్కసారే, బారసాల రోజున. మేనత్తనని ఉయ్యాల్లో నాచేతే వేయించారు. ఆ సాయంత్రమే తిరుగు బస్సెక్కాను. ఆ తర్వాత అంతా ఫోన్లో చూడటమే. ఫోన్లో నవ్వు కనిపిస్తుంది, ఏడుపు వినిపిస్తుంది. బరువు తెలియదు, వాసన తెలియదు.

దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్ల దారి. కొవ్వూరు దాటి గోదావరి మీదికి వచ్చేసరికి ఎండలో నది మధ్య ఇసుక తిన్నెలు తేలి ఉన్నాయి. విశాఖలో ఇంజిను అటు చివర తగిలించాక బండి వచ్చిన వైపుకే కదిలింది. పలాసలో జీడిపప్పు కొన్నాను. ఒడిశాలో చిల్కా సరస్సు పక్కనే బండి చాలాసేపు నడుస్తుందని విన్నాను గానీ, ఆ చీకట్లో కిటికీ అద్దంలో నా ముఖం తప్ప ఏమీ కనిపించలేదు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్‌ది వచ్చేదాకా ప్రపంచంలో అదే అతి పొడవైనదట. ఆ సంగతి చెబుతూ తమ్ముడు నా సంచులు మోసుకుంటూ ముందు నడిచాడు. నాకు మాత్రం ఎప్పుడు ఇల్లు చేరతామా అని ఉంది.

పాప మంచం మీద వెల్లకిలా పడుకుని కాళ్ళు తన్నుకుంటోంది. "బుజ్జితల్లీ" అన్నాను. గొంతు గుర్తుపట్టింది. ముందు మరదలి చేతిలో ఉన్న ఫోను వైపు చూసింది, తర్వాత నా వైపు, మళ్ళీ ఫోను వైపు. నేను వంగి ఎత్తుకుంటే పెదవి విరిచి గట్టిగా ఏడ్చింది. "కొత్త కదా వదినా" అంది మరదలు. అవును, నేను కొత్తే. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

మా ఇద్దర్నీ కలిపింది స్నానం. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, వాటి మీద పాపని పడుకోబెట్టి ఒంటికి నూనె పట్టించేదాన్ని. మొదటి రోజు బిగుసుకుపోయింది. మూడో రోజుకి నా చీరకుచ్చిళ్ళు పట్టుకుని ఆడటం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి నేను సున్నిపిండి కలుపుతుంటేనే చేతులు ఊపేది. పక్క క్వార్టర్లో ఉండే బెంగాలీ పెద్దావిడ వచ్చి చూసి, మేమైతే ఆవనూనె రాసి కాసేపు ఎండలో ఉంచుతాం అంది. సాంబ్రాణి పొగ మాత్రం డాక్టరు వద్దన్నారని మరదలు మానేసింది. అదే మంచిదని నాకూ అనిపించింది. అంత చిన్న ఊపిరితిత్తులకు పొగెందుకు?

ఆవిడే నాకు కొత్త పిలుపు నేర్పింది. బెంగాలీలో నాన్న అక్కచెల్లెళ్ళని పిషి అంటారట, అమ్మ అక్కచెల్లెళ్ళయితే మాషి. మనకు మేనత్త, పిన్ని వేరైనట్టే. పాపకో ముద్దుపేరు కూడా పెట్టింది, బుడి అని. అంటే ముసలమ్మ అని అర్థం, అక్కడ ఆడపిల్లల్ని ముద్దుగా అలా పిలుచుకుంటారు. నా చెవికి మాత్రం అది బుడిబుడి అడుగుల బుడిలాగే వినిపించేది. గోల్‌బజారులో కూరగాయలు తూచుతూ ఒకామె "పాపకేటి పేరెట్టినారు?" అని అడిగితే నేను నిలబడిపోయాను. రైల్వే పనులకని ఉత్తరాంధ్ర నుంచి వచ్చి, తరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళ తెలుగులో శ్రీకాకుళం చెక్కు చెదరలేదు.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం మరదలు స్నానానికి వెళ్ళింది. బొంత మీద పాప ఒక పక్కకి ఒరిగి, కింద ఇరుక్కున్న చేతిని లాక్కోలేక మూలిగింది. నేను సాయం చేయబోయి ఆగాను. రెండుసార్లు వెనక్కి పడి, మూడోసారి పూర్తిగా బోర్లా పడి తలెత్తింది. నా కళ్ళలో నీళ్ళు. గబగబా దాన్ని మళ్ళీ వెల్లకిలా తిప్పాను. మరదలు తడిజుట్టుతో బయటికొస్తే ఏమీ చెప్పలేదు. తల్లి కదా, మొదటిసారి తనే చూడాలి. సాయంత్రం తమ్ముడు వచ్చాక పాప వాళ్ళ ముందు మళ్ళీ బోర్లా పడింది. ఇద్దరూ అరిచిన అరుపుకి పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. నేను శనగపప్పు నానబోశాను. బోర్లా పడితే బొబ్బట్లు చేయాలి కదా. ఇన్నాళ్ళూ దాచాను. ఇది చదివితే మరదలు ఏమీ అనుకోదనే నా నమ్మకం.

మేలో అక్కడ ఉక్కపోత చెప్పలేనిది. పాపకి మెడ కింద చెమటకాయలు లేచాయి. ఏ రోజైనా సాయంత్రం ఆకాశం ఒక్కసారిగా నల్లబడి గాలివాన వచ్చేది. కాల్‌బైశాఖి అంటారు దాన్ని. కరెంటు పోయిన ఆ చీకట్లో పాపని ఒళ్ళో వేసుకుని వరండాలో కూర్చునేదాన్ని. చల్లగాలి తగలగానే నా వేలు పట్టుకుని నిద్రపోయేది. ఒక ఆదివారం తమ్ముడు హిజ్లీ పాత జైలు చూపించాడు. 1931 సెప్టెంబర్ 16న నిర్బంధంలో ఉన్న స్వాతంత్ర్య సమరయోధుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ఇద్దరు యువకులు చనిపోయారు. 1951లో ఐఐటీ మొదలైంది ఆ భవనంలోనే. ఆ గదుల ముందు నడిచినంతసేపూ పాప నా భుజం మీదే ఉంది. ఆ యువకుల మేనత్తలు ఎవరో, ఎంత ఏడ్చారో అనుకున్నాను.

అన్నప్రాశన దగ్గర అమ్మతో ఫోన్లో కాస్త వాదన జరిగింది. ఆడపిల్లకి ఐదో నెలలో చేయాలంటుంది అమ్మ. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దంటారు డాక్టరు. ఏడో నెల కూడా బేసి నెలే కదమ్మా అన్నాను. అమ్మ కాసేపు ఆగి "సరే, ఉగ్గుగిన్నె మాత్రం నాదే వాడండి" అంది. మే చివర ఆరు నెలలు నిండాక మంచిరోజు చూసి చేశాం. మేనమామ వచ్చి మొదటి ముద్ద పెట్టాడు. బెంగాలీల అన్నప్రాశన ముఖేభాత్‌లోనూ మేనమామే పెడతాడట. పక్కింటావిడ పాయేష్, అంటే వాళ్ళ పాయసం, వండి తెచ్చింది. పళ్ళెంలో పుస్తకం, కలం, బంగారం, పూలు పెడితే పాప దేనినీ ముట్టుకోకుండా సొట్ట గిన్నెకోసం చేయి చాచింది. వీడియోకాల్లో అమ్మ పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆఖరి వారంలో చేతులు ముందుకి ఆనించి నాలుగు నిమిషాలు కూర్చుంది. కూర్చుంటే కుడుములు. అవీ చేశాను. పాకితే పాయసం. దానికి నేనుండను. సేమ్యా, పలాస జీడిపప్పు, యాలకులు ఒకే డబ్బాలో సర్ది, పై అరలో పెట్టి మరదలికి చూపించాను.

స్టేషన్‌లో పాప ఏడవలేదు. బండి కదులుతుంటే తమ్ముడి భుజం మీద నుంచి నా వైపే మెడ తిప్పి చూస్తూ ఉంది, నేను వెనక్కి రావడం మామూలే అన్నట్టు. నా చీర భుజం మీద పాలమరక ఎండి గట్టిపడి ఉంది. ఇంటికొచ్చాక నాలుగు రోజుల దాకా ఆ చీర ఉతకలేదు.

జూలై ఆఖర్లో ఒక సాయంత్రం మరదలు ఫోన్ చేసింది. "వదినా, డబ్బా దించాను" అంది. అంతే అంది. నేను వెంటనే స్టవ్ మీద పాలు పెట్టాను. ఆ రాత్రి ఇక్కడ అమ్మా నేనూ కూడా పాయసం తాగాం.