పాత రిథమ్ అండ్ బ్లూస్ సంకలనం: ఏ కోడ్ ఏం చెబుతుంది

1940లు, 50ల రిథమ్ అండ్ బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల సంగీతం) పాటల సీడీని నమోదు చేసేటప్పుడు బార్‌కోడ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. అది చెప్పేది సరుకు గురించి, లోపలి రికార్డింగుల గురించి కాదు. అమెరికా బార్‌కోడ్ అయిన యూపీసీకి 12 అంకెలు. ముందు సున్నా చేరిస్తే 13 అంకెల ఈఏఎన్ (అంతర్జాతీయ బార్‌కోడ్) అవుతుంది. జాబితాలో ఒకే సీడీ రెండుసార్లు కనిపిస్తే ముందు ఈ సున్నానే అనుమానించాలి.

యూపీసీ సరిచూడాలంటే మొదటి 11 అంకెల్లో బేసి స్థానాలవి కూడి 3తో హెచ్చవేసి, సరి స్థానాలవి కలపండి. ఆ మొత్తాన్ని పదితో భాగించదగ్గ సంఖ్య చేయడానికి ఎంత కావాలో అదే 12వ అంకె.

అసలు చిక్కు ఐఎస్ఆర్‌సీతో. ఇది ఒక్కో ట్రాకుకు ఇచ్చే 12 అక్షరాంకెల కోడ్. 6, 7 స్థానాల్లోని సంవత్సరం కోడ్ కేటాయించినది, పాట రికార్డయినది కాదు. 1952 నాటి పాటకు 06 (అంటే 2006) కనిపిస్తే కంగారు అక్కర్లేదు. అయితే చాలామంది గాయకులు తమ హిట్లను తర్వాత మళ్లీ పాడారు. అసలుదో కాదో తేలాలంటే పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు మ్యాట్రిక్స్ నంబరు (ఆ రికార్డింగుకు కంపెనీ ఇచ్చిన గుర్తు సంఖ్య), టేక్ నంబరు (ఎన్నోసారి పాడినదో చెప్పేది) చూడాల్సిందే. సంకలన పుస్తికలో అవి లేకపోతే అది పెద్ద లోపమే.

సీడీ లోపలి వలయంలో ఐఎఫ్‌పీఐ కోడ్ (సీడీ ఎక్కడ తయారైందో చెప్పే గుర్తు) లేనంత మాత్రాన నకిలీ అనేయకండి. ఆ పద్ధతి 1994లో మొదలైంది కాబట్టి అంతకు ముందు సీడీలపై అది ఉండదు.