ఆరిలోవ మేడ మీద ఎఫ్ఎం ఏరియల్: మూడు నెలల డైరీ

జనవరి 11

టీఈఎఫ్6686 రేడియో కిట్ వచ్చింది. కారు రేడియోల కోసం ఎన్‌ఎక్స్‌పీ కంపెనీ చేసిన చిప్ ఇది. అరచేతిలో పట్టే పెట్టె, చిన్న తెర, తిప్పడానికి ఒక నాబ్. నేను దీన్ని కొన్నది తెర మీద కనిపించే రెండు అంకెల కోసం. ఒకటి సిగ్నల్ ఎంతుందో చెబుతుంది, రెండోది మల్టీపాత్ (ఒకే సిగ్నల్ రెండు మూడు దారుల్లో వచ్చి కలగాపులగం కావడం) ఎంతుందో చెబుతుంది. ఇన్నాళ్లూ ‘సరిగ్గా పట్టట్లేదు’ అని విసుక్కోవడమే తప్ప ఎందుకు పట్టట్లేదో తెలిసే దారి లేదు.

మా ఇల్లు విశాఖపట్నం ఆరిలోవలో. ఒక పక్క కైలాసగిరి, ఇంకో పక్క కంబాలకొండ. 91.1, 93.5, 98.3, ఆకాశవాణి వాళ్ల రెయిన్‌బో 102, ఈ స్టేషన్లన్నీ వినపడతాయి. ఒక్కటీ శుభ్రంగా రాదు. స్టీరియోలో పెడితే ‘స’, ‘ష’ వచ్చినప్పుడల్లా పోపులో ఆవాలు పేలినట్టు చప్పుడు. మోనోలోకి (ఎడమ, కుడి తేడా లేకుండా ఒకే శబ్దంగా) మారిస్తే చాలావరకు పోతుంది.

జనవరి 18

కిట్‌తో ఇచ్చిన టెలిస్కోపిక్ ఏరియల్ పక్కన పెట్టేసి డైపోల్ (ఒకే గీతలో రెండు కడ్డీలుండే ఏరియల్) కట్టాను. లెక్క సులువే. 98 మెగాహెర్ట్జ్‌కి తరంగం పొడవు 3.06 మీటర్లు. అందులో సగం 1.53, దాంట్లో ఐదు శాతం తగ్గిస్తే సుమారు 1.45 మీటర్లు. పాత కర్టెన్ రాడ్డుని 71 సెంటీమీటర్ల చొప్పున రెండు ముక్కలు కోసి, మధ్యలో మూడు సెంటీమీటర్ల ఖాళీ వదిలి, పీవీసీ పైపు ముక్క మీద బిగించాను. కేబుల్ డిష్ టీవీకి వాడే ఆర్‌జీ6. డైపోల్‌కి దాని 75 ఓమ్‌లు దాదాపు సరిపోతాయి, వేరే ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు.

ఒక్క పని మాత్రం మానకూడదు. ఏరియల్‌కి ఆనుకునే కేబుల్‌ని అరచెయ్యంత వెడల్పుతో ఆరు చుట్లు చుట్టి జిప్ టై వేయాలి. లేకపోతే కేబుల్ పైతొడుగు కూడా ఏరియల్‌లా పనిచేసి, ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బుల గరగరనీ ఫోన్ ఛార్జర్ల గరగరనీ పైదాకా మోసుకొస్తుంది. చుట్టకముందు హాల్లో లైటు వేస్తే 91.1లో తెలిసిపోయేది. ఇప్పుడు తెలియట్లేదు.

సిగ్నల్ అంకె 27 నుంచి 42కి ఎగబాకింది. సంబరంగా స్టీరియో వేశాను. ఆవాలు అలాగే పేలుతున్నాయి.

ఫిబ్రవరి 2

రెండు వారాలు తల బద్దలుకొట్టుకున్నాక తెలిసింది, నేను చూస్తున్నదే తప్పు అంకె. సిగ్నల్‌కి లోటు లేదు. ఉన్న సిగ్నలే రెండుసార్లు వస్తోంది: నేరుగా ఒకసారి, కొండకి కొట్టుకుని ఇంకోసారి. అలా ఒక కిలోమీటరు ఎక్కువ తిరిగొస్తే 3.3 మైక్రోసెకన్లు ఆలస్యం. మాటకి అది లెక్కలోకి రాదు. కానీ స్టీరియోలో ఎడమకీ కుడికీ ఉన్న తేడా 38 కిలోహెర్ట్జ్ మీద ఎక్కి వస్తుంది. ఆ ఆలస్యం దాన్ని పాడుచేస్తుంది. మోనో బాగుండి స్టీరియో చెడడం అందుకే.

డైపోల్ తన రెండు కొసలు చూపించే దిక్కుల్లో దాదాపు చెవిటిది. అందుకని ఈసారి స్టేషన్ వైపు తిప్పడం గురించి ఆలోచించకుండా ఒక కొసని కంబాలకొండకేసి గురిపెట్టాను. కొంచెం తిప్పడం, కిందికి దిగి అంకె చూడడం, మళ్లీ ఎక్కడం. ఇలా పదకొండుసార్లు. (మా తమ్ముడు ఫోన్లో అంకె చదువుతానన్నాడు, మూడోసారికే మాయమయ్యాడు.) చివరికి 98.3లో సిగ్నల్ నాలుగు తగ్గింది, మల్టీపాత్ సగానికి సగం పడిపోయింది. ‘స’ మామూలు ‘స’లా వినపడింది. తక్కువ సిగ్నల్‌తో ఎక్కువ శుభ్రం! చేత్తో చేసి చూడకపోతే నేనే నమ్మేవాణ్ణి కాదు.

102 మాత్రం ఇదే దిక్కులో కొంచెం చెడింది. ఒక్క డైపోల్‌తో అన్నిటినీ మెప్పించలేం.

ఫిబ్రవరి 9

పొద్దున్నే సిగ్నల్ అంతా తలకిందులు. పైకెళ్లి చూస్తే రాడ్డు మీద తడి చీర. కింద వాటా పిన్నిగారు నన్ను చూసి, “ఇది దండెం కాదేటి బాబూ?” అన్నారు. పక్కనే ఒక నైలాన్ తాడు కట్టిచ్చాను. ఏరియల్ ఖర్చులో అది కూడా రాసుకోవాలి.

ఫిబ్రవరి 22

నాన్న దగ్గర ఒక పాత బ్యాటరీ రేడియో ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటూ ఫోనూ లేని ఇంట్లో అదే దిక్కు, అందుకే ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఇవాళ రెండూ పక్కపక్కన పెట్టి ఒకే స్టేషన్ వేశాం. కాసేపు విని, “కొత్తది దుప్పటి కప్పుకుని పాడుతోందేంట్రా?” అన్నాడు.

ఉక్రోషం వచ్చింది కానీ నిజమే. తాళం మోత, గాజుల గలగల పాత దాంట్లోనే బాగున్నాయి. సెట్టింగులు తిరగేస్తే దొరికింది. డీ-ఎంఫసిస్ 75 మైక్రోసెకన్ల మీద ఉంది. అది అమెరికా లెక్క, మన దేశంలో 50. స్టేషన్ వాళ్లు సన్నటి శబ్దాలని కావాలనే పెంచి పంపుతారు, రేడియో వాటిని అంతే తగ్గించాలి. తగ్గించేటప్పుడు పైనుండే గరగర కూడా తగ్గుతుంది, అదీ కిటుకు. 50 బదులు 75 పెడితే 10 కిలోహెర్ట్జ్ దగ్గర మూడు డెసిబెళ్ల పైచిలుకు అదనంగా తెగిపోతుంది. ఆరు వారాలు స్టేషన్ల వాళ్లని తిట్టుకున్నాను, తప్పు నా పెట్టెలో ఉంది.

మార్చి 8

అలాగని స్టేషన్ల వాళ్లని పూర్తిగా వదలను. ఒక పాత పాట సీడీ నా దగ్గరుంది. అదే పాట ఒక ప్రైవేటు స్టేషన్లో వచ్చినప్పుడు లైన్ అవుట్ నుంచి లాప్‌టాప్‌లోకి రికార్డు చేసి, శబ్దాన్ని గీతలుగా చూపే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో రెండూ కిందా మీదా పెట్టి చూశాను. సీడీలో కొండలూ లోయలూ ఉన్నాయి. గాలిలో వచ్చింది మాత్రం రంపంతో చెక్కేసిన దూలం.

స్టేషన్లో శబ్దాన్ని సవరించి పంపే ప్రాసెసర్‌తో వచ్చే చిక్కు ఇది. ట్రాన్స్‌మిటర్ 75 కిలోహెర్ట్జ్ డీవియేషన్ (శబ్దం పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే దూరం) దాటకూడదు. ఆ హద్దులోనే పక్క స్టేషన్ కంటే గట్టిగా వినపడాలంటే చిన్న శబ్దాన్ని లేపాలి, పెద్దదాన్ని నరకాలి. సన్నటి శబ్దాలు ముందే పెంచి ఉంటాయి కాబట్టి కత్తి మొదట వాటి మీదే పడుతుంది. ఇది కనిపెట్టడానికి మీటర్లు అక్కర్లేదు. పాట చివర మెల్లగా అణగిపోవాల్సిన చోట వినండి. ఇందులో అణగదు. చివరి క్షణం దాకా అదే ఎత్తులో ఉండి టక్కున పోతుంది. ఆర్‌జే మాటకీ మాటకీ మధ్య పీల్చే ఊపిరి మాటంత పెద్దగా వస్తుంది. పాట నాసిరకం ఎంపీ3 అయితే ఆ నీళ్లలో మునిగినట్టుండే శబ్దాన్ని కూడా ప్రాసెసర్ లేపి చూపిస్తుంది.

ఆటోలో, హారన్ల మధ్య వినేవాడికి ఇదే మేలు, ఒప్పుకుంటాను. రాత్రి పది తర్వాత ఇంట్లో వినేవాడికి మాత్రం పావుగంటకే చెవులు అలిసిపోతాయి.

ఏప్రిల్ 5

తెల్లవారుజామున ఐదున్నరకి రుషికొండ బీచ్. గాలి లేదు, సముద్రం చెరువులా ఉంది. ఇలాంటప్పుడు నీటి మీది చల్లగాలికీ దానిపైన పరుచుకున్న వెచ్చగాలికీ మధ్య సిగ్నల్ ఇరుక్కుని వందల కిలోమీటర్లు జారుకుంటూ వస్తుంది. పాత టెలిస్కోపిక్ ఏరియలే తీసుకెళ్లాను. 101.4లో మొదట 102 వాసన తగిలింది. పక్క స్టేషన్లని ఆపే ఫిల్టర్ వెడల్పుని 311 నుంచి 114 కిలోహెర్ట్జ్‌కి బిగించాక అది పోయి, దాని వెనక తమిళం. చెన్నై రెయిన్‌బో! నేరుగా కొలిస్తే 600 కిలోమీటర్లు. స్టీరియో లేదు, సగం గరగర, అయినా ప్రకటన మొత్తం అర్థమైంది. ఎండ ఎక్కి ఆరూ నలభైకల్లా పోయింది.

ఏప్రిల్ 12

మేడ మీద డైపోల్ బోల్టులకి అప్పుడే తెల్లటి బూజులా ఉప్పు పట్టింది, కేబుల్ కొన పచ్చబడింది. కొన కోసి కొత్త ఎఫ్ కనెక్టర్ వేశాను, వ్యాజలీన్ పూసి టేపు చుట్టాను. స్టీల్ బోల్టులు పూర్ణామార్కెట్‌లో తేవాలి. 102 కోసం రెండో డైపోల్ కట్టే ఉద్దేశం ఉంది. పిన్నిగారికి ఇంకా చెప్పలేదు.