మేకలకు వాన భయం, పందులకు ఎండ భయం

రోహిణి కార్తె వెళ్ళిపోయి మృగశిర వచ్చింది గానీ మా వైపు వేడి తగ్గలేదు. పొద్దున ఆరింటికే ఒళ్ళంతా జిడ్డు. పడమర పక్క మబ్బు పట్టి ఉంది, గాలి మాత్రం లేదు. చేబ్రోలు దాటి లోపలికి ఉండే మా ఊళ్ళో ఈ రోజుల్లో అందరూ ఆకాశం వైపే చూస్తుంటారు, నారుమళ్ళు దున్నుకోవాలని. మా దొడ్లో మాత్రం సగం ప్రాణాలకు వాన కావాలి, సగం ప్రాణాలకు వద్దు. మేక తడిసిందంటే ముక్కు కారడం, దగ్గు, అశ్రద్ధ చేస్తే ఊపిరితిత్తుల్లో నెమ్ము. పందికి మనలాగా చెమట పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేక రొప్పి రొప్పి పడిపోతుంది. రెంటినీ ఒకే అరెకరంలో పెట్టుకున్నాం కాబట్టి వాతావరణం ఎటు తిరిగినా నాకు ఒక పక్క ఊరట, ఇంకో పక్క టెన్షన్.

లేవగానే ముందు పాక దగ్గరికే వెళ్తాను. అవిశ రొట్ట కట్టలు వేలాడదీసి, కాసేపు ఏమీ చేయకుండా నిలబడి చూస్తాను. అన్నీ ఎగబడి తింటుంటే ఏది వెనక నిలబడిందో అప్పుడే తెలుస్తుంది. జబ్బు ఏదైనా ముందు మేత దగ్గరే బయటపడుతుంది, జ్వరం తర్వాత సంగతి. ఈ రోజు చుక్క మేక వెనకే ఉండిపోయింది. రెండు ఆకులు కొరికి తల దించుకుంది. దగ్గరికి లాక్కుని కింది కనురెప్ప వెనక్కి తీసి చూశాను. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంది. దవడ కింద తడిమితే కొంచెం నీరు పట్టినట్టు మెత్తగా తగిలింది. కడుపులో నట్టలు రక్తం తాగుతున్నాయని అర్థం. వానలు మొదలైతే తడి గడ్డి మీద వీటి పిల్లలు ఎక్కువవుతాయి కాబట్టి మందు ఇప్పుడే పడాలి.

అయితే చుక్క చూడిది. కట్టించి నెలే అయింది. ఆల్బెండజోల్ మందు చూడి మొదట్లో పోస్తే కడుపులో పిల్లకు అవకరం వస్తుందని పశువుల డాక్టరుగారు గట్టిగా చెప్పి ఉన్నారు. ఆయనకు ఫోన్ చేస్తే ఫెన్‌బెండజోల్ పొయ్యమన్నారు, బరువును బట్టి ఎంతో కూడా చెప్పారు. మా ఆయన దాన్ని ఎత్తుకుని కాటా మీద నిలబడి, మళ్ళీ ఒక్కడే నిలబడి, తేడా చూసుకున్నాం. చాలామంది కంటితో చూసి ఉజ్జాయింపుగా పోసేస్తారు. తక్కువ పడితే నట్టలు చావవు సరికదా, మందుకు అలవాటు పడిపోతాయి. తరువాత అదే మందు ఎంత పోసినా పని చేయదు. ఈ ఒక్క మాట మేకలున్న ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పాలనిపిస్తుంది నాకు.

చిటుకు రోగం టీకా మే నెలలోనే వేయించాం. తొలకరి వానకు వచ్చిన లేత పచ్చిక ఒక్కసారిగా ఎక్కువ తింటే ఆ రోగం వస్తుంది, సాయంత్రం బాగున్న మేక తెల్లారేసరికి ఉండదు. పారుడు రోగానికి వేసిన టీకా మూడేళ్ళ దాకా కాస్తుంది కాబట్టి దాని దిగులు ఇప్పట్లో లేదు.

ఎనిమిదింటికి మావయ్యగారు మేకలను తోలుకెళ్ళబోతుంటే ఎదురెళ్ళి చెప్పాను, "మావయ్యగారూ, డొంక పక్క జొన్న కొయ్యకాళ్ళున్నాయి చూశారా, మొన్నటి జల్లుకు పిలకలు వేశాయి."

"చూశానమ్మాయ్. అటు పోనిస్తానా? కర్ర పట్టుకుని చేని గట్టునే నిలబడతా."

వరి కోశాక మా దగ్గర కొందరు మొక్కజొన్న, కొందరు జొన్న వేస్తారు. జొన్న కోసిన మోళ్ళకు వచ్చే లేత పిలకలో విషం ఉంటుంది. దాన్నే నాము అంటారు. ఎండకు వాడి మళ్ళీ చిగిర్చిన పిలక మరీ ప్రమాదం. తిన్న కాసేపటికే వణుకు, ఎగశ్వాస, పడిపోవడం, డాక్టరు వచ్చి సూది వేసేలోపే అంతా అయిపోవచ్చు. మావయ్యగారి చిన్నప్పుడు ఒక మంద సగానికి సగం అలా పోయిందట. ఆయన ఆ సంగతి ఎప్పుడు చెప్పినా ఏ మేక ఎక్కడ పడిందో కూడా చెబుతారు.

పందుల పని వేరే. తెనాలిలో ఒక హాస్టల్ నుంచి మిగిలిన అన్నం, కూరలు డ్రముల్లో తెస్తాడు మా ఆయన. తెచ్చింది తెచ్చినట్టు తొట్లో పొయ్యం. పెద్ద కాగులో పోసి తుకతుకా ఉడికేదాకా మంట పెడతాం. ఆ హాస్టల్ ఎంగిట్లో మాంసం ముక్క ఎక్కడిదో, దాంట్లో ఏ రోగం ఉందో ఎవరికి తెలుసు? ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మన దేశంలో మొదట 2020లో అస్సాం, అరుణాచల్‌లో బయటపడింది. మనుషులకు రాదు. పందులకు వస్తే మాత్రం దొడ్డి దొడ్డే ఖాళీ. మన దగ్గర దానికి వేయించడానికి టీకా లేదు, మందు లేదు. ఉడకబెట్టడం, బయటి మనుషుల్ని చెప్పులతో లోపలికి రానివ్వకపోవడం, గుమ్మం దగ్గర సున్నం చల్లడం, ఇవే మన చేతిలో ఉన్నవి. మామూలు స్వైన్ ఫీవర్‌కి టీకా ఉంది, అది వేయిస్తున్నాం. కట్టెలకూ ఊకకూ అయ్యే ఖర్చు లెక్కేస్తే ఎంగిలి మేత పెద్ద చవకేమీ కాదు. తవుడు, నూకలు, మొక్కజొన్న పిండి కలుపుతాం గానీ అవి కొనాలంటే ధర చూసి గుండె జారుతుంది. బూజు పట్టిన మొక్కజొన్న చవగ్గా ఇస్తామని వచ్చేవాళ్ళుంటారు. అది తింటే చూడి పందులు ఈసుకుపోతాయి, కడుపులో పిల్లలు నిలవవు. అందుకే వద్దంటాను.

పదకొండు దాటాక కరెంటు పోయింది. గాలి కూడా రాకముందే ఎక్కడో ఏదో తెగిందన్నారు. మోటారు ఆగిపోయింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎంగిలి మేతలో ఉప్పు ఎక్కువ. ఊరగాయలు, సాంబారు, పప్పుచారు అన్నీ అందులోనే. పందికి తాగడానికి నీళ్ళు చాలకపోతే ఆ ఉప్పే విషమై మెదడుకు ఎక్కుతుంది, గోడకు తల ఆనించి నిలబడుతుంది, ఫిట్స్ వస్తాయి. పిల్లలకు పాలిచ్చే పంది రోజుకు ఇరవై లీటర్లు పైనే తాగుతుంది. గాబులో ఉన్న నీళ్ళన్నీ ముందు తాగే తొట్లకు పంచాం. ఒంటి మీద చల్లడానికి చేతి పంపు కొట్టి బిందెలతో మోశాం. నేను, మా ఆయన, బడి నుంచి ఒంటిపూటకే వచ్చిన మా చిన్నాడు. తడి గోనెపట్టాలు వీపుల మీద వేస్తే కాసేపటికి రొప్పు తగ్గింది. బురదలో పొర్లడం చూసి జనం అసహ్యించుకుంటారు గానీ, ఒళ్ళు చల్లబరుచుకోవడానికి దానికి దేవుడిచ్చిన దారి అదొక్కటే. నీడ, నీళ్ళు, పొడి నేల ఇస్తే పంది తను పడుకునే చోటు వదిలేసి ఒక మూలకే వెళ్ళి పేడ వేస్తుంది. నా కళ్ళతో రోజూ చూస్తున్నాను.

అదే సమయానికి పక్క చేలాయన వచ్చాడు. దొడ్లోకి రాలేదు, డొంక మీదే నిలబడ్డాడు.

"అమ్మా, వాసన భరించలేకపోతున్నాం. దోమలు కూడా మీ దొడ్డి నుంచే. మెదడువాపు వస్తుందంటున్నారు పిల్లలకి."

కోపం వచ్చింది. కానీ ఆయన అన్నది ఉత్త మాట కాదు. మెదడువాపు క్రిమి పంది ఒంట్లో పెరుగుతుంది. వరి మళ్ళలో నిలవ నీళ్ళలో పుట్టే దోమ పందిని కుట్టి మనిషిని కుడుతుంది. అది దాచి మాట్లాడితే లాభం లేదు. అందుకే మా పందుల్ని ఊళ్ళో తిరగనివ్వం, సాయంత్రం వేప పొగ వేస్తాం, మురుగు నిలవకుండా గుంతలోకి కాలువ తీశాం. పిల్లలకు దోమతెర, టీకా రెండూ ఉండాలని ఆయనకు చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను. మనుషులు చెంబు పట్టుకుని బయటికి వెళ్ళే చోట్ల పందులు తిరిగి తింటేనే బద్దెపురుగు గుడ్లు వాటి ఒంట్లోకి వెళ్ళి తిత్తులవుతాయి. కట్టేసి ఉడికించిన మేత పెట్టే దొడ్డిలో ఆ భయం ఉండదు. ఆయన విన్నాడు. పేడ గుంతను తన చేను వైపు కాకుండా దక్షిణం పక్కకు మార్చమన్నాడు. అది న్యాయంగానే అనిపించింది. ఈ వారంలో తవ్విస్తామన్నాం.

నా బాధ వేరే ఉంది. ఇదే మనిషి దసరాకు పోతు కావాలని ముందే చెప్పి ఉంచుతాడు. మేకల పాకలోకి నవ్వుతూ వస్తాడు. అదే డొంక, అదే దొడ్డి. నాలుగు అడుగులు ఇవతలికి రావడానికి ముక్కు మూసుకుంటాడు. మేక ఈతకు ఒకటో రెండో పిల్లల్ని పెడుతుంది, రెండేళ్ళలో మూడు ఈతలు వస్తే గొప్ప. పంది ఏడాదికి రెండు ఈతలు, ఈతకు ఎనిమిది, పది. మా పెద్దాడి కాలేజీ ఫీజు కట్టింది పందులే. ఆ మాట చుట్టాల ముందు చెప్పడానికి మా ఇంట్లో కొందరికి ఇప్పటికీ నోరు రాదు. నేను చెబుతాను.

సర్కారు సాయం సంగతి కూడా ఇక్కడే రాసుకోవాలి. జాతీయ లైవ్‌స్టాక్ మిషన్‌ను 2021లో మార్చారు. మేకలకూ పందులకూ సగం సబ్సిడీ ఇస్తారు. మేకలైతే 100 ఆడవి, 5 పోతులు ఉన్న యూనిట్ నుంచి మొదలు. పందులైతే 50 ఆడవి, 5 మగవి. పాతిక మేకలు, నాలుగు తల్లి పందులు ఉన్న మాలాంటి ఇల్లు ఆ కాగితంలో ఎక్కడా పట్టదు. రాత్రీ పగలూ వాటితో ఉండేది మాత్రం మాలాంటి వాళ్ళమే.

మూడింటికి గాలివాన విరుచుకుపడింది. మావయ్యగారు మేకల్ని పరుగున తోలుకొచ్చారు. తాటి బద్దలతో కట్టిన మంచె మీదికి అన్నీ ఎక్కేశాయి. కింద నీళ్ళు పారుతున్నా వాటి కాళ్ళు పొడిగా ఉన్నాయి. గాలి కొట్టే పక్క టార్పాలిన్ దించి, తడిసిన చిన్న పిల్లల్ని గోనెలతో తుడిచాను. అటు పందులు వానలోకి మూతులు పెట్టి నిలబడ్డాయి. పొద్దుటి నుంచి వాటికి దక్కిన మొదటి సుఖం అది.

ఆ వానలోనే పెద్ద పంది గడ్డి నోట కరుచుకుని మూలకు చేర్చడం మొదలుపెట్టింది. లెక్క ప్రకారం ఈ రోజో రేపో ఈనాలి. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు, మొత్తం 114 రోజులు. చన్ను పిండితే పాల చుక్క వచ్చింది. బాబాయ్‌కి కబురు పెట్టాం. బాబాయ్ ఎరుకల ఇంటి మనిషి, తరతరాలుగా పందులతోనే బతుకు వాళ్ళది. ఇప్పుడు పుస్తకాల్లో రాసేవి చాలావరకు ఆయన తాత నోటి నుంచి విన్నవే. ఊళ్ళో ఎరుకల వాళ్ళను ఏ పేర్లతో పిలుస్తారో నాకు తెలుసు. మా ఇంట్లో మాత్రం ఆయన వస్తే కుర్చీ వేస్తాం.

"తొందరపడకమ్మా. అది పడుకున్నాక దగ్గరికి పోదాం," అన్నాడు.

గోడకు జానెడు ఎడంగా, నేలకు జానెడు ఎత్తున వెదురు బొంగులు కట్టి ఉంచాం. తల్లి ఒరిగినప్పుడు పిల్లలు ఆ సందులోకి జారుకుంటాయి, లేకపోతే దాని బరువు కిందే నలిగి చస్తాయి. ఆరు దాటాక మొదటి పిల్ల పడింది. బాబాయ్ ముక్కు, నోరు తుడిచి ఇస్తుంటే నేను బొడ్డుకు దారం కట్టి అయోడిన్ అద్ది చన్ను దగ్గర వదిలాను. పదిహేను, ఇరవై నిమిషాలకు ఒకటి చొప్పున తొమ్మిది వచ్చాయి. ఒకటి కదలలేదు. బాబాయ్ వెనక కాళ్ళు పట్టి తల కిందికి వేలాడదీసి పక్కలు రుద్దితే దగ్గి ఊపిరి పీల్చింది. అదే అన్నిటికన్నా చిన్నది.

పిల్లలకు 32 డిగ్రీల పైన వెచ్చదనం కావాలి, తల్లికి చల్లగా ఉండాలి. ఒకే గదిలో రెండూ కుదరాలి. కరెంటు ఇంకా రాలేదు కాబట్టి బల్బు లేదు. మూలన పెట్టెలో ఎండు గడ్డి పరిచి, వేడినీళ్ళ సీసాలకు గోనె చుట్టి పెట్టాం. ముందు చన్నుల్లో పాలు ఎక్కువ. ఒకసారి ఏ పిల్ల ఏ చన్ను పట్టుకుంటే ఇక అదే దానిది, అందుకే బలమైనవి స్థిరపడక ముందే చిన్నదాన్ని ముందుకు తోసి పట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు జారిపోయి, మళ్ళీ పట్టుకుంది. తొమ్మిదింటికి కరెంటు వచ్చింది.

డాక్టరుగారికి మెసేజ్ పెట్టాను. మూడో రోజు ఇనుము సూది వేయాలి, పంది పాలలో అది చాలదు, సిమెంటు నేల మీద పుట్టిన పిల్లలకు మట్టి నుంచి కూడా అందదు. పిల్లల కోరపళ్ళు తుంచడం గురించి రేపు చూసి చెబుతామన్నారు. తల్లికి రెండు రోజులు ఎంగిలి మేత బంద్, తవుడు జావ మాత్రమే.

చుక్క రాత్రి నాలుగు వేప రెమ్మలు తిన్నది. నెమరు కూడా వేస్తోంది. రేపు మావయ్యగారు మేకల్ని చెరువు గట్టుకు తోలతామన్నారు. వాన నీళ్ళు నిలిచిన చోట నత్తలుంటాయి, ఆ గడ్డి తింటేనే కార్జపు జలగ, అంటే కాలేయానికి పట్టే పురుగు, మేక ఒంట్లోకి ఎక్కుతుంది. ఎండ వచ్చి గడ్డి ఆరేదాకా పాకలోనే రొట్ట వేద్దామని పొద్దున్నే చెప్పాలి. రొట్ట కొట్టడానికి మా ఆయన ఐదింటికి లేవాలి.