ఏ మల్లయ్య?

డబ్లిన్‌లో రాత్రి 8 గంటలు. ఏప్రిల్ కాబట్టి బయట ఇంకా వెలుతురుంది. అప్పుడే అన్నం గిన్నె దించాను, చిన్నమ్మ కొడుకు హన్మకొండ నుంచి వీడియో కాల్ చేశాడు. అక్కడ అర్ధరాత్రి దాటి అరగంట.

"అన్నా, టైప్‌స్క్రిప్ట్ కంపైల్ అయితలేదు. పొద్దుగూకినప్పటి నుంచి గిదే పని. రేపు డెమో ఉంది, మస్తు టెన్షన్ అయితుంది."

స్క్రీన్ చూపించమన్నాను. టైప్‌స్క్రిప్ట్ అంటే జావాస్క్రిప్ట్‌గా మార్చి నడిపే ప్రోగ్రామింగ్ భాష, అలా మార్చే కమాండే టీఎస్‌సీ. ప్యాకేజీల్లోని కమాండ్లను నడిపించే ఎన్‌పీఎక్స్‌తో కలిపి ‘ఎన్‌పీఎక్స్ టీఎస్‌సీ’ అని కొట్టాడు. ‘నువ్వు వెతికే టీఎస్‌సీ ఇది కాదు’ అని ఇంగ్లిష్‌లో తిన్నగానే చెబుతోంది. వీడు చదివితేగా!

"మొదటిసారి కొట్టినప్పుడు, ఫలానా ప్యాకేజీ ఇన్‌స్టాల్ చెయ్యాల్నా అని అడిగిందా?"

"అడిగింది. వై కొట్టిన."

"పేరు చూసినవా?"

చప్పుడు లేదు.

కోడ్ దాచుకునే గిట్ నుంచి ప్రాజెక్టు దించుకున్నాడు కానీ, దానికి కావాల్సిన ప్యాకేజీలను, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ మూటలను, తెచ్చిపెట్టే ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ చేయలేదు. ఎన్‌పీఎక్స్ ముందు ప్రాజెక్టులో ఆ ప్యాకేజీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో, కమాండ్లుండే ‘డాట్ బిన్’ చూస్తుంది. అక్కడ ఆ కమాండ్ లేకపోతే అదే పేరున్న ప్యాకేజీని నెట్ నుంచి తెచ్చి, క్యాషేలో, అంటే తాత్కాలికంగా దాచే చోట, పెట్టి నడిపిస్తుంది. చిక్కల్లా ఇక్కడే. టీఎస్‌సీ అనేది కమాండ్ పేరు. అది ఉండే ప్యాకేజీ పేరు టైప్‌స్క్రిప్ట్. టీఎస్‌సీ పేరుతో ఇంకెవరిదో ప్యాకేజీ వేరే ఉంది.

"మనూళ్ల ఐనవోలు మల్లన్న పేరు పెట్టుకున్నోళ్లు ఎంతమంది లేరు? మల్లయ్యను పిలువుమంటే ఎవరో ఒక మల్లయ్య వస్తడు. ఇంటిపేరు చెప్పాలె గదా. ఎన్‌పీఎక్స్ హైఫన్ పీ టైప్‌స్క్రిప్ట్ టీఎస్‌సీ అంటే అసలు మనిషి వస్తడు. కానీ నీకు గది కూడా వద్దు. ముందు ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టు, ప్రాజెక్టుకు రాసిపెట్టిన వెర్షనే వస్తది."

వాడిని అంటున్నాను కానీ, 2016లో ఇక్కడికొచ్చినప్పుడు నేను ఇంతకన్నా ఘోరం. ప్రతి టూల్‌నూ హైఫన్ జీ పెట్టి గ్లోబల్‌గా, అంటే ప్రాజెక్టుకు కాకుండా మెషీన్ మొత్తానికి, ఎక్కించేవాణ్ని. నా మెషీన్‌లో బిల్డ్ బ్రహ్మాండంగా అయ్యేది, పక్కవాడి దగ్గర పగిలేది. వెర్షన్లు వేరని తెలియడానికి రెండు రోజులు పట్టింది. అడగొచ్చు కదా అంటే, కొత్త ఆఫీసు, నా ఇంగ్లిష్ ఒకటికి రెండుసార్లు చెబితే గానీ వాళ్లకు అర్థం కాదు. ఇది కూడా రాదా అనుకుంటారేమోనని నోరు మెదపలేదు. ఆ తర్వాత చాలా రోజులు డాట్ బిన్ దాకా మొత్తం పాత్ కొట్టి నడిపాను. 2017 జులైలో ఎన్‌పీఎం 5.2తో పాటు ఎన్‌పీఎక్స్ వచ్చాక వేళ్లకు విశ్రాంతి దొరికింది.

అయితే ఆ పాత ఎన్‌పీఎక్స్ అడగకుండానే తెచ్చి నడిపేసేది. అక్షరం తప్పు పడితే ఎవడి కోడ్ నడుస్తుందో దేవుడికెరుక. అడగడం 2020లో ఎన్‌పీఎం 7తో మొదలైంది. కోడ్‌ను వాటంతట అవే బిల్డ్ చేసి పరీక్షించే, మనిషి లేని సీఐ సర్వర్లలో ఇప్పటికీ అడగదు, అందుకే మా స్క్రిప్టుల్లో రెండు హైఫన్లతో ‘నో’ పెట్టిస్తాను. ప్రాజెక్టులో లేకపోతే ఆగిపోతుంది, అంతే. అలా ఆగిపోవడమే నయం.

ఇన్‌స్టాల్ అయింది. మళ్లీ అదే కమాండ్ కొట్టాడు. ఈసారి 14 ఎర్రర్లు వచ్చాయి, అన్నీ వాడు రాసిన కోడ్‌లోవే. వాడి ముఖం వెలిగింది.

"ఇవైతే నేను చూసుకుంట. ఇగ నువ్వు పండుకో అన్నా."

ఇక్కడింకా 9 కూడా కాలేదు.