712 నుంచి వెనక్కి చదివాను: తొలి ఇస్లాం చరిత్రతో నా ప్రిపరేషన్

నమస్తే ఫ్రెండ్స్. చరిత్ర పేపర్ రాయబోయేవాళ్ల కోసం ఒక్క టాపిక్ గురించి నా అనుభవం రాస్తున్నాను. ఈ టాపిక్ చదివాకే చరిత్రను ఎలా చదవాలో నాకు తెలిసింది.

"క్రీ.శ. 712, సింధు, మహమ్మద్ బిన్ ఖాసిం, దాహిర్." మధ్యయుగ భారతదేశం నోట్స్‌లో మొదట ఉండేది ఈ లైనే. అరబ్ సేనాని ఖాసిం సింధు రాజు దాహిర్‌ను ఓడించాడని దానర్థం. మూడేళ్లపాటు దాన్ని బిట్టుగానే చదివాను. ఒకసారి మాక్ ఇంటర్వ్యూలో ఓ మాస్టారు అడిగారు: "మహమ్మద్ ప్రవక్త మరణించింది 632లో. ఎనభై ఏళ్లకే అరబ్బులు సింధు దాకా ఎలా రాగలిగారమ్మా?" మత ఉత్సాహంతో అన్నాను. "అలాగైతే వాళ్లు గెలిచిన ఈజిప్టులో వందేళ్ల తర్వాత కూడా క్రైస్తవులే ఎక్కువమంది ఎందుకున్నారు?" అన్నారు. నా దగ్గర తేదీలన్నీ ఉన్నాయి, జవాబు మాత్రం లేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు నోట్స్ పక్కనపెట్టి మ్యాప్ తీశాను. మీరూ అదే చేయండి. అరేబియాకు పైన రెండు పెద్ద రాజ్యాలు: పడమట బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం), తూర్పున ససానియన్ పర్షియా. 602 నుంచి 628 దాకా అవి ఒకదాన్నొకటి పీల్చి పిప్పి చేసుకున్నాయి. సిరియా, ఈజిప్టు, జెరూసలేం పర్షియన్ల చేతికి పోయాయి, బైజాంటియం చక్రవర్తి హెరాక్లియస్ మళ్లీ గెలుచుకున్నాడు. ఇద్దరి ఖజానాలూ ఖాళీ అయ్యాయి. దానికి తోడు సిరియా, ఈజిప్టు క్రైస్తవుల్లో చాలామందికి క్రీస్తు స్వభావం విషయంలో బైజాంటియం రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌తో పడేది కాదు. ఈ 628ని మన గైడ్లలో ఎవరూ రాయరు. నా లెక్కలో ఈ టాపిక్‌కి తాళంచెవి అదే.

ఇక అరేబియా లోపలికి వెళ్దాం. మక్కా వ్యాపారుల ఊరు. కాబాలోని విగ్రహాలకు మొక్కడానికి తెగలన్నీ వచ్చేవి, మక్కాను నడిపే ఖురైషు తెగ పలుకుబడి దాని మీదే నిలబడింది. 610లో హిరా గుహలో తొలి సందేశం అందుకున్న మహమ్మద్ ప్రవక్త, దేవుడు ఒక్కడేనని బోధిస్తే వాళ్లకు ఎందుకు కంటగింపయిందో ఇక్కడ అర్థమవుతుంది. యస్రిబ్ సంగతి వేరు. అది ఖర్జూర తోటల ఊరు, ఔస్, ఖజ్రజ్ తెగల పాత పగలతో నలిగిపోయిన ఊరు. వాళ్లకు తగవు తీర్చే పెద్దమనిషి కావాలి. 622లో ప్రవక్త అక్కడికి వలస వెళ్లారు, ఆ ఊరే మదీనా అయింది. అక్కడ కుదిరిన ఒడంబడికలో యూదు తెగలకూ చోటుంది. తెగను మించి విశ్వాసం మీద కట్టిన సమాజం, ఉమ్మా, అలా మొదలైంది. బదర్ యుద్ధం 624, ఉహుద్ యుద్ధం 625, కందకం యుద్ధం 627, హుదైబియా సంధి 628, మక్కా విజయం 630. వీటిని చీటీ మీద రాసుకోండి, అరగంట పని.

ఖలీఫా (ప్రవక్త తర్వాత ముస్లిం సమాజానికి నాయకుడు) ఉమర్ క్యాలెండర్ పెట్టినప్పుడు లెక్క మొదలుపెట్టింది ప్రవక్త పుట్టుక నుంచి కాదు, ఈ వలస నుంచి. హిజ్రీ ఏడాదిని క్రీ.శ.లోకి మార్చేటప్పుడు జాగ్రత్త. అది చాంద్రమానం, సుమారు 354 రోజులు, మన పంచాంగంలోలా అధికమాసం ఉండదు. 1591 లోంచి 622 తీసేస్తే 969 వస్తుంది. కానీ చార్మినార్ కట్టిన ఆ 1591లోనే హిజ్రీ 1000 మొదలైంది. ఆ 31 ఏళ్ల తేడా చూస్తే ఈ సూత్రం ఇక మర్చిపోరు.

మాస్టారి ప్రశ్నకు జవాబు విజయాల తర్వాతి పాలనలో దొరికింది. 636లో యర్మూక్ దగ్గర బైజాంటియం ఓడింది, 642లో నహావంద్ దగ్గర పర్షియా కుప్పకూలింది. గెలిచిన సైనికులు ఊళ్ల మీద పడలేదు. బస్రా, కూఫా, ఫుస్తాత్ లాంటి దండు పట్టణాల్లో విడిగా ఉన్నారు, దివాన్‌లో (సైనికుల జాబితాలో) పేరున్నవాడికి భృతి వచ్చేది. స్థానికులు జిజియా (ముస్లిమేతరుల మీద వేసే పన్ను) కట్టి తమ మతంలోనే ఉన్నారు. పన్ను లెక్కలు గ్రీకు, పహ్లవీ (పాత పర్షియన్) భాషల్లోనే నడిచాయి, వాటిని అరబిక్‌లోకి మార్పించింది ఉమయ్యద్ వంశపు ఖలీఫా అబ్దుల్ మాలిక్. అంటే రాజ్యం దశాబ్దాల్లో విస్తరించింది, మతం శతాబ్దాల మీద పాకింది. ఈ రెండింటినీ కలిపేస్తే జవాబు తప్పుతుంది.

అప్పుడు 712 కూడా కొత్తగా కనిపించింది. ఖాసింను పంపింది ఇరాక్ గవర్నర్ హజ్జాజ్, పైన ఖలీఫా మొదటి వలీద్. అదే వలీద్ కాలంలో, 711లో, సేనాని తారిఖ్ స్పెయిన్‌లో దిగాడు. సింధులో బ్రాహ్మణులను పన్ను వసూళ్లలో కొనసాగించడం కూడా ఈ పాత పద్ధతే.

ప్రవక్త తర్వాత నాయకుడెవరన్న వారసత్వ తగాదా దగ్గర మాత్రం నేను చాలా రోజులు ఆగిపోయాను. మాది అనంతపురం జిల్లా. చిన్నప్పుడు నాన్న భుజాలెక్కి గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగలో గుండం చూసినదాన్ని. హసన్, హుస్సేన్ పేర్లు విన్నాను గానీ వాళ్లెవరో తెలియదు. అబూబకర్, ఉమర్, ఉస్మాన్, అలీ: నలుగురు ఖలీఫాలు. ఉస్మాన్ హత్య, 657లో సిఫ్ఫీన్ దగ్గర అలీకి, సిరియా గవర్నర్ ముఆవియాకు యుద్ధం, 661లో కూఫాలో అలీ హత్య. 680లో, హిజ్రీ 61 మొహర్రం పదో రోజున, అలీ కొడుకు, ప్రవక్త మనవడు హుస్సేన్‌ను ముఆవియా కొడుకు, ఖలీఫా యజీద్ సైన్యం కర్బలాలో చంపింది. పక్కనే యూఫ్రటీస్ పారుతున్నా వాళ్లకు నీళ్లు అందనివ్వలేదు. షియా, సున్నీ తేడా అని ఒక్క లైన్లో రాసుకున్నది ఇదా అని పుస్తకం మూసి కూర్చుండిపోయాను.

మొన్న పండక్కి ఊరెళ్లినప్పుడు ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పీర్ల పండక్కి పానకం ఎందుకు పోస్తారో ఇన్నేళ్లకు తెలిసిందమ్మా" అన్నాడు.