బోస్టన్ నుంచి గుండ్లకమ్మ దాకా

సికింద్రాబాద్‌లోని మా క్రైస్తవ సంఘంలో శనివారం సాయంత్రాలు జరిగే యువజన కూటంలో పోయిన వారం ఒక కుర్రవాడు అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు. అంతకు రెండు రోజుల ముందే నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటులో అతనికి వీసా మంజూరైంది. ఆగస్టులో చదువు కోసం బోస్టన్ వెళ్తున్నాడు. "అంకుల్, అమెరికాను కట్టినవాళ్లు విశ్వాసులే కదా, మరి తమది క్రైస్తవ దేశమని రాజ్యాంగంలో ఎందుకు రాసుకోలేదు?" అన్నాడు. కూటం ముగించే వేళయింది కనుక అప్పటికి నాలుగు మాటలు చెప్పి ప్రార్థనకు లేచాను. చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

తొలి వలసదారుల విశ్వాసం నిజమైనదే, దానిని తక్కువ చేయనవసరం లేదు. 1607లో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో దిగినవారు మూడు నాలుగు చెట్లకు పాత తెరచాప కట్టి, రెండు చెట్ల మధ్య ఒక కొయ్యను బిగించి, దానినే ప్రసంగ వేదికగా చేసుకుని ఆరాధించారు. గుడి కట్టుకునే స్తోమత రాకముందు వేపచెట్టు కింద తాటాకు పందిరి వేసుకుని పాటలు పాడుకున్న మన పల్లె సంఘాలను ఎరిగినవారికి ఆ దృశ్యం పరాయిదిగా తోచదు. 1620లో మేఫ్లవర్ ఓడ ఎక్కిన 102 మందిలో, రాజు ఆజ్ఞకు లోబడిన సంఘంలో ఇమడలేక ఇంగ్లండు విడిచి, హాలండులోని లైడెన్ పట్టణంలో పన్నెండేళ్ల దాకా తలదాచుకున్న విశ్వాసులు ఎందరో ఉన్నారు. నడిసముద్రంలో ఓడ ప్రధాన దూలం విరిగితే, ప్రయాణికులు తమ సామానులో తెచ్చుకున్న పెద్ద ఇనుప మరను దానికింద బిగించి నిలబెట్టుకున్నారు. ఒడ్డున కాలు పెట్టకముందే 41 మంది పురుషులు సంతకం చేసిన ఒడంబడిక దేవుని నామంతో, ఆమేన్ అన్న మాటతో మొదలవుతుంది. వసంతం వచ్చేసరికి వచ్చినవారిలో దాదాపు సగం మంది చనిపోయారు. వారికి చాలాకాలం గవర్నరుగా ఉన్న విలియం బ్రాడ్‌ఫర్డ్ వృద్ధాప్యంలో, లేఖనాలు మొదట రాయబడిన భాషను కళ్లారా చూడాలన్న ఆశతో హీబ్రూ నేర్చుకుంటూ, తన చరిత్ర రాతప్రతి ముందరి పేజీలలో ఆ మాటలను ఒక్కొక్కటిగా రాసుకున్నాడు. ఆ పేజీలను తలచుకున్నప్పుడల్లా నా మనసు కరుగుతుంది.

1630లో జాన్ విన్‌త్రాప్ వెంట బోస్టన్ ప్రాంతానికి వచ్చిన ప్యూరిటన్లు, అంటే ఇంగ్లండు సంఘాన్ని శుద్ధి చేయాలని కోరినవారు, "కొండమీదనుండు పట్టణము మరుగైయుండనేరదు" అన్న మత్తయి సువార్త వాక్యం తమకే వర్తిస్తుందని నమ్మారు. ఆరేళ్లకే హార్వర్డ్ కళాశాలను స్థాపించారు. 50 కుటుంబాలున్న ప్రతి ఊరూ చదువు చెప్పేవాణ్ని పెట్టుకోవాలని 1647లో చట్టం చేశారు, ఎందుకంటే అక్షరం రానివాడు బైబిలు చదవలేడు.

అయితే తమ మనస్సాక్షి కోసం సముద్రం దాటిన ఆ మనుషులే ఇతరుల మనస్సాక్షికి చోటివ్వలేదు. రాజు ఇచ్చిన పత్రంతో స్థానిక తెగల భూమి తమది అయిపోదనీ, దేవుణ్ని ఎలా ఆరాధించాలో చెప్పే అధికారం ప్రభుత్వానికి లేదనీ బోధించిన రోజర్ విలియమ్స్‌ను 1635లో వెలివేశారు. నడిచలికాలంలో మంచులో నడిచి వెళ్లిన ఆయనను స్థానిక తెగలవారే ఆదరించారు. వారి వద్ద భూమి తీసుకుని 1636లో ఆయన ప్రావిడెన్స్ అనే ఊరు వేశాడు. తెలిసి విశ్వసించినవారికే బాప్తిస్మం ఇచ్చే బాప్టిస్టుల సంఘం అమెరికాలో మొదట పుట్టింది అక్కడే. 1651లో ఒబదయా హోమ్స్ అనే బాప్టిస్టు, ముసలి గుడ్డి విశ్వాసి ఒకరి ఇంట ఆరాధనలో ఉండగా పట్టుబడ్డాడు. జరిమానా కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమేనని ఆయన నిరాకరిస్తే, బోస్టన్‌లో నడివీధిన ముప్పై కొరడా దెబ్బలు కొట్టారు. క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖకు చెందిన బోధకురాలు మేరీ డయ్యర్‌ను 1660లో అక్కడే ఉరితీశారు. బానిసల చెమటనూ, తెగలు పోగొట్టుకున్న నేలనూ కూడా ఈ వారసత్వం లెక్కలోనే రాయాలి.

ఆ కుర్రవాడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. రాజ్యాంగంలో ఆ మాట లేకపోవడానికి అవిశ్వాసం ఒక్కటే కారణం కాదు, దెబ్బలు తిన్న విశ్వాసుల పట్టుదల కూడా కారణం. వర్జీనియాలో అనుమతిపత్రం లేకుండా సువార్త ప్రకటించారని బాప్టిస్టు బోధకులను జైళ్లలో పెట్టడం, తర్వాత దేశాధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్‌ను యువకుడిగా ఉండగానే కలచివేసింది. తర్వాత తానూ అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛ చట్టం ఆ రాష్ట్రంలో 1786లో అమలైంది మాడిసన్ చొరవతోనే. 1787 రాజ్యాంగం ఏ పదవికీ మతపరీక్ష ఉండదంది. 1791 నాటి మొదటి సవరణ కేంద్రంలో ప్రభుత్వ మతాన్నే నిషేధించింది, రాష్ట్రాలకు మాత్రం అది అప్పట్లో వర్తించలేదు. స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన 56 మందిలో జాన్ విథర్‌స్పూన్ వంటి సంఘకాపరి ఉన్నాడు, సువార్తలలోని అద్భుతాలను కత్తిరించి పక్కనపెట్టిన జెఫర్సనూ ఉన్నాడు. వారందరినీ ఒకే అచ్చులో పోసి చూపే సందేశాలు మన ఫోన్లలో తిరుగుతుంటాయి. పంపేవారి మనసు మంచిదే కావచ్చు గాని, సత్యానికి సాక్షులమని చెప్పుకునేవారు అలా చెప్పకూడదు.

అందుకే బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో సంఘానికి ప్రభుత్వం పన్ను కట్టించే పద్ధతి 1833లో గాని పోలేదు. అది పోయిన రెండేళ్లకు, హోమ్స్ దెబ్బలు తిన్న ఆ బోస్టన్ రేవు నుంచే సామ్యూల్ డే అనే బాప్టిస్టు మిషనరీ తెలుగువారి కోసం ఓడెక్కాడు. ఆయన నెల్లూరులో మొదలుపెట్టిన పని తర్వాత వచ్చిన మిషనరీ జాన్ క్లౌ కాలానికి ఒంగోలు చేరింది.

మా నాయనమ్మది ఒంగోలు దగ్గరి పల్లె. 1876-78 నాటి ధాత కరువు కథను ఆమె తన అమ్మమ్మ నోట విన్నది. బకింగ్‌హాం కాలువలో 3.5 మైళ్ల తవ్వకాన్ని క్లౌ దొర గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చిన మాదిగపల్లెల జనానికి కూలి ఇచ్చాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. తిండి కోసం ఎవరూ దేవుణ్ని ఒప్పుకోకూడదని ఆయన ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. "గింజలు పండినాకే రమ్మన్నాడురా దొర," అనేది నాయనమ్మ. కరువు సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి ఇచ్చింది దొర కాదు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకున్న ఆరుగురు తెలుగు బోధకులు. రోజర్ విలియమ్స్ పేరు నాయనమ్మకు తెలియదు. అయినా ఆయన మంచులోకి నడిచింది దేనికోసమో నాకు మొదట అర్థమైంది ఆమె మాటల్లోనే.

ప్రావిడెన్స్‌లో ఆ మొదటి సంఘం 1775లో కట్టుకున్న మందిరం ఇప్పటికీ నిలిచి ఉంది. బోస్టన్ నుంచి రైలులో ఇంచుమించు గంట ప్రయాణం. మొదటి సెలవు రోజున అక్కడికి వెళ్లి కాసేపు కూర్చుని రమ్మని ఈ శనివారం ఆ కుర్రవాడికి చెప్తాను. గుండ్లకమ్మను ఎన్నడూ చూడలేదన్నాడు కనుక, విమానం ఎక్కేలోపు వెలంపల్లికి నేనే తీసుకువెళ్తాను.